మధ్యాహ్నం వచ్చే డాగ్ వాకర్‌ని గేటు దగ్గర ఆపకండి: మా అపార్ట్‌మెంట్ కమిటీకి బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీలో ఉన్న పెద్దలందరికీ నమస్కారం.

లిఫ్టుల పక్కన అంటించిన పెంపుడు కుక్కల నోటీసు గురించి రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో మాట్లాడదామంటే మాటకు మాట పెరిగి అసలు సంగతి పక్కకి పోతోంది, పైగా ఇది మన ఒక్క అపార్ట్‌మెంట్ గొడవ కాదు, హైదరాబాద్‌లో కొండాపూర్, నల్లగండ్ల, మణికొండ, మియాపూర్ ఎక్కడ తెలిసినవాళ్ళని కదిపినా ఇదే వినిపిస్తోంది, అందుకే అందరూ చదివేలా బహిరంగంగానే రాస్తున్నాను.

నోటీసులో ఉన్నవన్నీ తప్పని నేను అనడం లేదు. బెల్టు లేకుండా కుక్కని కిందికి తేకూడదు, అది చేసింది ఓనరే ఎత్తాలి, ఏటా రేబిస్ టీకా వేయించి ఆ కార్డు ఆఫీసులో చూపించాలి. ఈ మూడూ సరైనవే, ఇంకా గట్టిగా అమలు చేయమనే అంటాను. కానీ చివర్లో ఒక లైను ఉంది, కుక్కల్ని తిప్పడానికి వచ్చే బయటి వ్యక్తులకి పగటిపూట ప్రవేశం లేదు అని. ఆ ఒక్క లైను తీసేయండి అని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకంటే దానికి సరిగ్గా పైన, కుక్క మొరుగుతోందని ఫిర్యాదు వస్తే ఫ్లాట్ ఓనరుకి జరిమానా అని ఇంకో లైను ఉంది. ఆ రెండూ కలిస్తే ఇంట్లో ఉన్న కుక్కకి ఏమవుతుందో, పక్క ఫ్లాట్‌లో ఉన్న మనిషికి ఏమవుతుందో ఎవరైనా కూర్చుని ఆలోచించారా?

పగలు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే కుక్క ఏం చేస్తుందో కొంచెం చెప్తాను, చాలామందికి తెలియదు కాబట్టి. ఎదిగిన కుక్క రోజులో సగం నిద్రలోనే గడుపుతుంది. పొద్దున్నే బాగా నడిచి, కావాల్సినంత సేపు గోడలూ చెట్లూ వాసన చూసి, కడుపు నిండా తిని ఉంటే మనం ఆఫీసుకి వెళ్ళాక అది పడుకుంటుంది. దాని ఇబ్బంది మొదలయ్యేది మధ్యాహ్నం. ఆరోగ్యంగా ఉన్న ఎదిగిన కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం ఆపుకోగలదు, అదీ కష్టపడి. ఇక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్ళి, తొమ్మిది గంటలు పనిచేసి, సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో తిరిగి రావాలంటే పదకొండు గంటలు దాటుతుంది. బయటికి వెళ్ళి పోసుకోవడం నేర్పిన కుక్క ఇంట్లో పోసుకోదు, అది దానికి పెద్ద తప్పు పని. ఆపుకుంటుంది, తలుపు దగ్గరికీ బాల్కనీకీ తిరుగుతుంది, లిఫ్ట్ ఆగిన చప్పుడు వినిపిస్తే ఎవరో వచ్చారని లేస్తుంది, ఎవరూ రాకపోతే మొరుగుతుంది. మీకు సి బ్లాక్ నుంచి వచ్చే ఫిర్యాదుల టైము ఒకసారి రిజిస్టరులో చూడండి, ఎక్కువ భాగం మధ్యాహ్నం రెండు దాటాకే ఉంటాయి.

మధ్యాహ్నం ఒక అరగంట మనిషి వచ్చి కిందికి తీసుకెళ్తే ఇదంతా ఉండదు. మా మల్లి ఊరకుక్క, వీధిలో పుట్టిన పిల్లని తెచ్చి పెంచుకున్నాం. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళిన రోజుల్లో వాకర్ అబ్బాయి ఒంటిగంట ప్రాంతంలో వచ్చేవాడు. ఎండాకాలం అయితే బయట సిమెంటు నేల కాలిపోతుంది కదా, కుక్కల పాదాలు బొబ్బలెక్కుతాయి, అందుకని సెల్లార్ నీడలో నడిపించి, కాంపౌండ్ గోడ పక్కన మట్టి ఉన్న చోట పని కానిచ్చి, నీళ్ళు మార్చి వెళ్ళేవాడు. తర్వాత అది మేం వచ్చేదాకా పడుకునేది. ఇంట్లో కెమెరా ఉంది, ఫోన్‌లో చూసుకుంటూనే ఉంటాం. మీ నోటీసు వచ్చాక అతన్ని గేటు దగ్గరే ఆపేశారు. ఇప్పుడు మా ఇద్దరిలో ఒకరం మధ్యాహ్నం ఏదో ఒక వంక చెప్పి ఇంటికి పరిగెత్తుకు రావాల్సి వస్తోంది. ఆ వీలు మాకుంది కాబట్టి సరిపోయింది, షిఫ్టుల్లో పనిచేసే నర్సుకీ, బ్యాంకు కౌంటర్లో కూర్చునే మనిషికీ ఆ వీలు ఎక్కడుంటుంది? రెండు ఫ్లోర్లు పైన ఉన్న బీగిల్‌కి అలాగే అయింది. బీగిల్ అసలు వేటకి పెంచిన జాతి, దాని గొంతే పెద్దది, అది బాధపడితే బ్లాకంతా వినాల్సిందే. వాకర్ వచ్చినన్నాళ్ళూ దాని మీద ఒక్క మాట రాలేదు. ఇప్పుడు వారం తిరక్కుండా ఫిర్యాదు, జరిమానా నోటీసు, దాన్ని పెంచుకునే అమ్మాయికి ఇంట్లో టెన్షన్, పక్క ఫ్లాట్‌లో పసిపాప నిద్రపోవడం లేదని వాళ్ళకి కోపం. ఆ తల్లి కోపంలో తప్పేమీ లేదు. ఆ బీగిల్‌ది కూడా తప్పేమీ లేదు.

మీటింగులో ఒక అంకుల్ అన్నారు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళకి కుక్క ఎందుకండీ అని. చాలామంది తలలూపారు. ఆ మాట ఆయన చెడ్డగా అనలేదని నాకు తెలుసు, కుక్క మీద జాలితోనే అన్నారు, అందుకే దానికి సమాధానం చెప్పాలనిపించింది. అంకుల్, మన అపార్ట్‌మెంట్‌లో ఇద్దరూ ఉద్యోగం చేయని ఇళ్ళు ఎన్ని ఉన్నాయి? హోమ్ లోన్ కట్టాలంటే ఇద్దరూ చేయాల్సిందే. అలాంటి ఇళ్ళల్లోనే పిల్లలు పెరుగుతున్నారు, ఆయాలూ డేకేర్లూ చూసుకుంటున్నాయి, మంచం మీద ఉన్న పెద్దవాళ్ళని అటెండర్లు చూసుకుంటున్నారు. పనమ్మాయి, వంటమ్మాయి, కారు తుడిచే అబ్బాయి, డ్రైవరు, ఇస్త్రీ అబ్బాయి, పది నిమిషాల డెలివరీ వాళ్ళు పొద్దున్నుంచీ రాత్రిదాకా అదే గేటులోంచి వస్తూనే ఉన్నారు. అందరికీ యాప్‌లో ఎంట్రీ ఉంది, ఫోటో ఉంది. కుక్కని తిప్పే అబ్బాయికి మాత్రమే సెక్యూరిటీ భయం ఎందుకు వచ్చింది? అతనూ అలాగే ఆధార్ ఇచ్చి, పోలీస్ వెరిఫికేషన్ చేయించుకుని, రోజూ అదే టైముకి వచ్చే మనిషి. ఆ పని మీద బతికే కుర్రాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, ఒక గేటు మూస్తే ఒక ఇంటి సంపాదన పోతుంది, అది కూడా చూడాలి.

ఇంకొకటి. 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఎన్ని ఇళ్ళకి కుక్కపిల్లలు వచ్చాయో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆఫీసులు మళ్ళీ రమ్మన్నాక వాటిలో కొన్ని ఏమయ్యాయో కూడా చూశాం. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్ల మీద మెడలో పట్టీ ఉన్న కుక్కలు, బొచ్చు జడలు కట్టిన షిట్జూలు, ఎండకి రొప్పుతూ లారీల కింద పడుకున్న లాబ్రడార్లు. వీధిలో పుట్టిన కుక్కకి వీధి తెలుసు, సోఫా మీద పెరిగిన కుక్కకి తెలియదు, ఎక్కువ రోజులు బతకదు. మీరు వాకర్‌ని ఆపి, మొరిగితే జరిమానా వేసి, నెలనెలా మెయింటెనెన్స్ బిల్లులో కలుపుతూ పోతే మనలో కూడా ఎవరో ఒకరు రాత్రిపూట కారెక్కించి తీసుకెళ్ళి వదిలేసి వస్తారు, పల్లెలో తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం అని చెప్తారు. నా భయమల్లా అదే.

భయం అంటే గుర్తొచ్చింది, కుక్కలంటే భయపడేవాళ్ళ భయాన్ని నేను కొట్టిపారేయను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు మీద వీధికుక్కలు పడి చంపేసిన సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు, ఆ వీడియో చూసిన తల్లులు ఇప్పటికీ పిల్లల్ని ఒంటరిగా కిందికి పంపరు. అంతకు నెల ముందే బంజారాహిల్స్‌లో పెంపుడు జర్మన్ షెపర్డ్ మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి డెలివరీ అబ్బాయి ఒకతను చనిపోయాడు. అది వీధికుక్క కాదు, పెంపుడు కుక్క, తలుపు తీసే ముందు దాన్ని లోపల గదిలో పెట్టి ఉంటే ఆ అబ్బాయి బతికేవాడు. మాలాంటివాళ్ళం దాన్ని తలుచుకుని సిగ్గుపడాలి, ఎవరైనా బెల్ కొడితే ముందు కుక్కని లోపల పెట్టి తలుపు తీయడం మా పూచీ. తర్వాత 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల మీద ఇచ్చిన ఉత్తర్వులతో ఈ చర్చ ఇంకా వేడెక్కింది, మన మీటింగులో కూడా ఎవరో సుప్రీంకోర్టే చెప్పింది కదా అన్నారు. అవి వీధికుక్కల గురించి ఇచ్చిన ఉత్తర్వులు, అదే నెలలో వాటినీ సవరించారు, ఫ్లాట్‌లో లైసెన్సుతో పెంచే కుక్కకీ దానికీ సంబంధం లేదు. పైగా భయమే అసలు కారణమైతే వాకర్‌ని రానివ్వడం ఇంకా అవసరం. పదకొండు గంటలు నాలుగు గోడల మధ్య ఉండి సాయంత్రం ఆరున్నరకి, సరిగ్గా పిల్లలందరూ సైకిళ్ళు తొక్కుతున్న టైముకి, లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే కుక్క ఎలా దూకుతుందో మీరు చూసే ఉంటారు. మధ్యాహ్నం ఒకసారి తిరిగొచ్చిన కుక్క అలా లాగదు.

చట్టం సంగతి బెదిరించడానికి చెప్పడం లేదు, కమిటీ రేపు ఇబ్బంది పడకూడదని చెప్తున్నాను. జంతు సంక్షేమ మండలి, అదే యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా, 2015లోనే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఓట్లు వేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదు, మొరుగుడు కారణంగా చూపి నిషేధించడం కుదరదు, లిఫ్ట్ వాడనివ్వం అనడానికీ వీల్లేదు. కేరళ హైకోర్టు 2021లో ఇంకా స్పష్టంగా చెప్పింది, ఫ్లాట్లలో పెంపుడు జంతువులు ఉండకూడదని అసోసియేషన్లు రాసుకునే నిబంధనలు చెల్లవని. ఇవన్నీ ఒక ఎత్తు, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో ఉన్న ఒక చిన్న మాట ఇంకో ఎత్తు. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కని గానీ ఇరుకు చోట బంధించి ఉంచే కుక్కని గానీ తగినంత తిప్పకపోవడం, వేరేవాళ్ళ చేతనైనా తిప్పించకపోవడం ఓనరు చేసే నేరం. అంటే మేం ఇంట్లో లేనప్పుడు ఇంకో మనిషిని పెట్టి తిప్పించమని అరవై ఏళ్ళ క్రితమే చట్టం మాకు చెప్పింది. మన నోటీసు ఆ మనిషినే ఆపుతోంది.

ఇప్పుడు కమిటీని కాసేపు పక్కన పెట్టి, నాలాగే ఉద్యోగం చేస్తూ కుక్కల్ని పెంచుకునేవాళ్ళకి, పెంచుకోవాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు చెప్పాలి, ఎందుకంటే కమిటీ ముందు నిలబడి అడగాలంటే మన వైపు కూడా సరిగ్గా ఉండాలి. అన్నా, అక్కా, మీరు హస్కీని తేకండి. రెండు పొరల బొచ్చుతో మంచులో బండ్లు లాగడానికి పుట్టిన కుక్క అది, మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్ళో, కరెంటు పోతే ఏసీ ఆగిపోయే ఫ్లాట్‌లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా దాన్ని ఉంచడం మీకు ఎంత ముద్దొచ్చినా తప్పే. ఇద్దరూ రోజూ ఆఫీసుకి వెళ్ళే ఇంటికి రెండు నెలల పిల్లని తేవడం కూడా తప్పే. మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకి మించి ఆపుకోలేదు, టీకాలు పూర్తయ్యేదాకా పార్వో అనే వైరస్ జబ్బు భయంతో దాన్ని కిందికి కూడా దింపకూడదు, ఎవరో ఒకరు ఇంట్లో దాని దగ్గర ఉండాల్సిన వయసు అది. కొన్ని నెలలు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరుకుతుందంటేనే పిల్లని తెచ్చుకోండి, లేదంటే రెండు మూడేళ్ళు దాటిన కుక్కని దత్తత తీసుకోండి. బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర ఇంటి కోసం ఎదురుచూస్తున్న మన ఊరకుక్కలు ఎన్నో ఉన్నాయి, మన ఎండకి తట్టుకుంటాయి, మీరు లేనప్పుడు హాయిగా పడుకుంటాయి.

బాల్కనీలో కట్టేసి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు దయచేసి ఆపండి. పడమటి బాల్కనీలో మధ్యాహ్నం ఎండ సూటిగా పడుతుంది, కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి దారి, త్వరగా వడదెబ్బ తగులుతుంది. మొరిగేది కూడా బాల్కనీ కుక్కే, కింద వెళ్ళే ప్రతి బండినీ చూస్తుంది కాబట్టి. లోపల చల్లటి గదిలో పరదా వేసి, ఫ్యాను వేసి, నీళ్ళు రెండు చోట్ల పెట్టండి. ఇంట్లో కెమెరా పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు. మీరు తలుపు వేసిన మొదటి అరగంటలోనే మొరుగుడూ, తలుపు గీకడమూ, చొంగ కార్చడమూ మొదలైతే అది ఒంటరితనం పడక వచ్చే బాధ, డాక్టరుకీ ట్రైనర్‌కీ చూపించి నెమ్మదిగా ఐదు నిమిషాలు, పది నిమిషాలు అంటూ అలవాటు చేయాలి, కొడితే ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం దాటాక మొదలైతే దానికి బయటికి వెళ్ళాల్సిన అవసరం ఉంది అంతే. ఈ తేడా తెలియక చాలామంది మెడకి షాక్ కొట్టే పట్టీలు తెప్పిస్తున్నారు. అవి వద్దు, బాధ తగ్గదు, గొంతు మాత్రమే ఆగుతుంది.

వాకర్ ఉన్నాడు కదా అని పొద్దున నడక మానేయకండి. తెల్లారి లేచి ముప్పావు గంట నడిపించలేని మనిషి కుక్కని పెంచుకోకపోవడమే మంచిది, ఈ మాట ఎవరికి కష్టంగా ఉన్నా నేను వెనక్కి తీసుకోను. వానాకాలం రాగానే గోమార్లు పడతాయి, టిక్ ఫీవర్ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రెండు రోజులు తినకపోతే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే, మేనేజరుకి కుక్కకి బాలేదు అని చెప్పడానికి మొహమాటపడితే కుదరదు. దీపావళికి ఇంట్లో ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్తే దాన్ని వెంట తీసుకెళ్ళాలి, లేదంటే నమ్మకమైన బోర్డింగ్ నెల ముందే చూసుకోవాలి. మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే కుక్క లైసెన్సు ఇంకా తీసుకోనివాళ్ళు ఈ వారమే తీసుకోండి. పక్క ఫ్లాట్ తలుపు తట్టి, ఆంటీ, మేం లేనప్పుడు ఇది మొరిగితే వెంటనే నాకు ఫోన్ చేయండి అని నంబరు ఇచ్చి రండి. సగం ఫిర్యాదులు కమిటీ దాకా రాకుండా అక్కడే ఆగిపోతాయి.

మళ్ళీ కమిటీ దగ్గరికి వస్తాను. వాకర్లకి పనిమనుషులకి ఇచ్చినట్టే పాస్ ఇవ్వండి, ఆధార్ కాపీ, వెరిఫికేషన్ కాగితం మేం తెచ్చి ఇస్తాం. పన్నెండు నుంచి మూడు మధ్య అని టైము పెట్టండి, ఆ టైములో పిల్లలు స్కూల్లో ఉంటారు, పెద్దవాళ్ళు లోపల ఉంటారు, పార్కు ఖాళీగానే ఉంటుంది. ఒక మనిషి చేతిలో ఒకేసారి ఒక్క కుక్కే ఉండాలి అని పెట్టండి, అది మంచి నిబంధనే, మూడు కుక్కల్ని ఒకే చేత్తో లాక్కెళ్ళేవాళ్ళని నేనూ చూశాను. జనరేటర్ గది వెనక గోడ పొడవునా ఖాళీ నేల ఉంది, అక్కడ ఒక లోడు ఇసుక పోసి, ఒక చెత్త డబ్బా, ఒక కుళాయి పెడితే లాన్ పాడవుతోందన్న గొడవా తీరుతుంది, ఆ ఖర్చు కుక్కలున్న ఇళ్ళవాళ్ళం పంచుకుంటాం, అసోసియేషన్ డబ్బు అక్కర్లేదు. జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో కుక్కలకోసమే ఒక పార్కు కట్టించింది, ఊరి కార్పొరేషనే అంత చేసినప్పుడు మనం గోడ పక్కన పది గజాలు ఇవ్వడం పెద్ద విషయం కాదు. సర్వీస్ లిఫ్టే వాడమంటే వాడతాం, అది రిపేరులో ఉన్నప్పుడు మాత్రం మామూలు లిఫ్ట్ వాడనివ్వండి, ముసలి కుక్క తొమ్మిది అంతస్తులు మెట్లు దిగలేదు. లిఫ్ట్‌లో ముందే ఎవరైనా ఉండి భయపడితే మేమే ఆగి తర్వాతది ఎక్కుతాం. మొరుగుడు ఫిర్యాదు వస్తే ముందు ఓనరుకి టైముతో సహా చెప్పండి, సర్దుకోవడానికి రెండు వారాలు ఇవ్వండి, కెమెరా రికార్డింగ్ అడగండి. అప్పటికీ పట్టించుకోని ఓనరు ఉంటే కమిటీ పిలిచి మందలించేటప్పుడు మేం కూడా మీ పక్కనే కూర్చుంటాం.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ అజెండాలో దీన్ని చేర్చండి. ఆ మీటింగు అయ్యేదాకా అయినా గేటు దగ్గర వాకర్లని ఆపవద్దని సెక్యూరిటీకి ఈ రోజే ఒక మాట చెప్పండి. కుక్కలున్న ఇళ్ళన్నిటి టీకా కార్డులు, లైసెన్సు కాపీలు, వాకర్ల వివరాలు ఒకే ఫైలులో పెట్టి శనివారం సాయంత్రానికి ఆఫీసులో ఇస్తాను.

ఇట్లు,
సి బ్లాక్‌లో ఉండే ఒక ఉద్యోగిని, మల్లి వాళ్ళ అమ్మ